మిద్దె మీది మన్ను

శీతల దేశాలలో ప్రతి గృహస్థుకూ ఏదో ఒకనాడు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. అక్కడ ఇంటి అడుగుభాగంలోనో, ఒక మూలగదిలోనో పెద్ద పొయ్యి ఉంటుంది. బొగ్గుతోనో, నూనెతోనో, వాయువుతోనో అది నీటిని కాచి, గొట్టాల ద్వారా గదిగదికీ వేడిని పంపుతుంది. ఇరవై ముప్పై ఏళ్ళు చాకిరీ చేసిన తరువాత అది మూలగడం మొదలుపెడుతుంది; ఒకచోట కారుతుంది; మంచు కురిసే రాత్రి హఠాత్తుగా ఆగిపోతుంది. అప్పుడు ఆ ఇంటివారు ఆలోచనలో పడతారు. దీనిని బాగుచేయించడమా, తీసివేసి కొత్తది పెట్టించడమా? బాగుచేయిస్తే ఏటేటా ఖర్చు. మారిస్తే ఒక్కసారిగా మోయలేనంత ఖర్చు.

కడప జిల్లాలో ఇంటిని వెచ్చబరచడానికి నిప్పు రాజేసేవారు లేరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఎండలు ముదిరితే పాదరసం నలభై డిగ్రీలను అలవోకగా దాటుతుంది. అక్కడి ఇంటికి కావలసినది వేడిని లోపలికి తెచ్చే యంత్రం కాదు, వేడిని బయటనే నిలిపివేసే యంత్రం. ఆ యంత్రానికి చక్రాలు లేవు, గొట్టాలు లేవు, చప్పుడు లేదు. దాని పేరు మట్టిమిద్దె. అదికూడ ముసలిదవుతుంది, కారుతుంది, ఒక్కొక్కప్పుడు వానరాత్రి కూలుతుంది. కనుక పశ్చిమదేశపు గృహస్థు తన పొయ్యి ముందు నిలిచి వేసుకొనే ప్రశ్ననే సీమ గృహస్థు తన మిద్దె కింద నిలిచి తల పైకెత్తి వేసుకొంటాడు: ఇంకొక ఏడు మన్ను వేయించడమా, పడగొట్టి కాంక్రీటు పోయించడమా?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పేముందు, పోగొట్టుకోబోతున్న వస్తువు ఏమిటో తెలుసుకోవాలి.

కోస్తా పల్లెలకు తాటాకిల్లు, పెంకుటిల్లు ఎంత సహజమో, రాయలసీమకు మిద్దె అంత సహజం. కడప జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. వాన తక్కువైనచోట ఏటవాలు కప్పు అవసరం తక్కువ. చదునైన కప్పు అయితే వేరుసెనగ ఆరబోసుకోవచ్చు, మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చు, వేసవి రాత్రులు ఇంటిల్లిపాదీ మంచాలు వేసుకొని పడుకోవచ్చు. అందువలన రాతితోనో మట్టితోనో రెండడుగుల మందాన గోడలు లేపి, వాటిమీద దూలాలు, దూలాలమీద అడ్డంగా దంతెలు, దంతెలమీద నాపబండలు పరచి, ఆ బండలమీద మన్ను మెత్తి దిమ్మిసతో కొట్టేవారు. బండలు దొరకనిచోట కట్టెలు పేర్చి, వాటిమీద ఆకు, కంప పరచి మన్ను వేసేవారు. గాలి వెలుతురుల కోసం కప్పులో ఒక రంధ్రం వదిలేవారు. సంస్కృతం చదివినవారు దానిని గవాక్షం అంటే, పల్లె నోట అది గవాచి అయినది. పొయ్యి పొగ దానిలోనుంచి పైకి పోయేది. మధ్యాహ్నపు వెలుగు దానిలోనుంచి కిందికి దిగేది.

అన్నిటికంటె పైన, అసలు రహస్యం వంటిది, చవుడు.

చవుడు అంటే రైతుకు భయం. చవుటినేలలో విత్తనం మొలవదు. నీరు పెడితే ఇంకదు. పైన తెల్లగా ఉప్పు పూస్తుంది. అటువంటి మన్నునే మిద్దె కట్టేవాడు వెతుక్కొంటూ పోయి బండి కట్టి తోలుకొని వస్తాడు. ఈ వైరుధ్యంలో చక్కని రసాయనశాస్త్రం ఉన్నది. చవుటి మట్టిలో సోడియం అధికం. సోడియం పట్టిన బంకమట్టి రేణువులు తడి తగలగానే ఒకదానినొకటి విడిచి, ఉబ్బి, మట్టిలోని సన్నని రంధ్రాలలోనికి చొరబడి వాటిని మూసివేస్తాయి. మొదటి చినుకులకు పైపొర తడుస్తుంది; తడిసిన పొర తనకు తానే తలుపు వేసుకొంటుంది; తరువాతి నీరు కిందికి దిగక వాలువెంట జారి, పిట్టగోడలోని గొట్టంగుండా వీధిలో పడుతుంది. చవుటినేలను బాగుచేయదలచిన రైతు జిప్సం చల్లడం వ్యవసాయ పాఠాలలో ఉన్నదే. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తరిమివేసి, మూసుకొన్న రంధ్రాలను తెరిపిస్తుంది. పొలంలో ఏది రోగమో, మిద్దెమీద అది మందు. పుస్తకం చదవని మనుషులు కేవలం చూచి, చేసి, పోగొట్టుకొని, మళ్ళీ చేసి ఈ సంగతి తెలుసుకొన్నారు.

అయితే ఎండకు చవుడు పగుళ్ళు తీస్తుంది, గాలికి ఎగురుతుంది, గొర్రో మేకో ఎక్కితే చెదురుతుంది. అందుకని ఏటేటా తొలకరికి ముందు కొత్త చవుడు పరచడం ఇంటి ఆచారాలలో ఒకటయినది. మట్టిమిద్దెకు మరమ్మతు అనేది ఎప్పుడో వచ్చే ఆపద కాదు. పంచాంగంలో ఉన్న పని.

ఇక వేడి సంగతి. వేడి ఘనపదార్థాలలో ఎట్లా ప్రయాణం చేస్తుందో గణితంతో తేల్చిచెప్పినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ఫోరియర్. ఆయన గ్రంథం 1822లో వెలువడినది. ఆ సూత్రాలను ప్రొద్దుటూరు మిద్దెకు అన్వయిస్తే ఆశ్చర్యకరమైన ఫలితం వస్తుంది. పగలు ఎండ, రాత్రి చల్లదనం ఒక అల వంటివి. ఆ అల కప్పు పైభాగాన బయలుదేరి లోపలికి దిగుతుంది. మట్టిలో ప్రతి 10 సెంటీమీటర్లకు ఆ అల ఎత్తు ఇంచుమించు మూడవవంతుకు తగ్గుతుంది. అంతేకాక, సుమారు నాలుగు గంటలు ఆలస్యమవుతుంది. అడుగు మందం, అంటే 30 సెంటీమీటర్ల మన్ను ఉన్నదనుకొందాం. మిద్దెమీద పగటికీ రాత్రికీ 35 డిగ్రీల తేడా ఉంటే, స్థూలమైన లెక్కలో కింద తెలిసే తేడా 2 డిగ్రీలకు మించదు. మధ్యాహ్నం ఒంటిగంటకు తగిలిన ఎండ గదిలోనికి వచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. అర్ధరాత్రి ఆ గదిలో ఎవరున్నారు? ఇంటివారందరూ మిద్దెమీద చుక్కల కింద పడుకొని ఉన్నారు. మట్టి తన వేడిని మనుషులు లేనివేళ చూచి దింపుకొంటుంది.

కాంక్రీటు మాట వేరు. వేడిని ప్రసరింపజేయడంలో అది మట్టికి సుమారు మూడింతలు. పైగా సాధారణంగా పోసే కప్పు మందం 12 సెంటీమీటర్ల లోపే. అదే లెక్క ప్రకారం పైనున్న 35 డిగ్రీల తేడాలో 15 డిగ్రీలు కిందికి దిగుతాయి. ఆలస్యం మూడు గంటలు. అనగా బడినుంచి వచ్చిన పిల్లలు పుస్తకాలు ముందు వేసుకొని కూర్చొనే వేళకు, పొయ్యి వెలిగించే వేళకు, మధ్యాహ్నపు ఎండ సరిగ్గా నెత్తిమీదికి వస్తుంది. పంకా తిప్పితే ఆ వేడిగాలే తిరుగుతుంది.

ఈ సంగతి ఒక్క సీమలోనే అనుభవానికి వచ్చినది కాదు. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ మట్టి ఇటుకల నిర్మాణానికి జీవితం ధారపోసినవాడు. 1964లో కైరోలో ఒక మట్టి ఇంటినీ, ముందుగా పోతపోసిన కాంక్రీటు పలకల ఇంటినీ పక్కపక్కన నిలిపి పరీక్షించారు. మట్టి ఇంటిలో రాత్రింబవళ్ళ ఉష్ణోగ్రతలో తేడా 2 డిగ్రీలను దాటలేదు. కాంక్రీటు ఇంటిలోని వేడి మాత్రం ఒక దశలో బయటి గాలి వేడినికూడ మించిపోయినది.

ఇంత మంచిదైతే మట్టిమిద్దెను జనం ఎందుకు వదలుకొంటున్నారు? అవివేకం వలన అనుకొంటే పొరపాటు. కారణాలు గట్టివి.

మొదటిది బరువు. అడుగు మందం మన్ను ఒక చదరపు మీటరుకు సుమారు 480 కిలోలు తూగుతుంది. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు ఉన్న చిన్నగది నెత్తిమీద దాదాపు ఐదుముప్పావు టన్నుల మన్ను ఉంటుందన్నమాట. పాత పొరను గీకివేయకుండా ఏటేటా కొత్త చవుడు వేస్తూ పోతే, ఒక్క అంగుళం పెరిగినా ఆ గదిమీద ఇంచుమించు అరటన్ను అదనపు భారం. అది నానితే ఇంకా ఎక్కువ. దూలం మాత్రం ఏటేటా బలపడేది కాదు. చెదలు తింటుంది, గోడలో దూరిన కొస తేమకు మెత్తబడుతుంది. అందువలననే మిద్దెలు ఎండలో కూలవు. ముసురు పట్టిన రాత్రి, అందరూ లోపల పడుకొన్నప్పుడు కూలుతాయి. సీమలో వానలు గట్టిగా పట్టిన ప్రతి ఏడూ అటువంటి దుర్వార్త ఏదో ఒక ఊరినుంచి పత్రికలకు ఎక్కుతూనే ఉన్నది. ఇంటి చల్లదనాన్ని గురించి మాటాడేవారు ఈ సంగతి మరువరాదు.

రెండవది పనివారు. చవుడు తోలడానికి బండి, ఎద్దులు, ఇంట్లో నలుగురు మనుషులు, ఊరిపక్కన తవ్వుకోదగిన చవుటిదిబ్బ కావాలి. ఎద్దులు పోయినవి, చవుటిదిబ్బలు ఇళ్ళస్థలాలయినవి, పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ పట్నాలు చేరుకొన్నారు. మన్ను ఎంత మందం ఉండాలో, వాలు ఎటు తీయాలో తెలిసిన చేతులు తగ్గిపోయినవి. నిజానికి ముసలిదైనది మిద్దె కాదు. మిద్దెను కనిపెట్టుకొని ఉండే ఏర్పాటు ముసలిదైనది. ఏటేటా మందు తినే రోగికి మందిచ్చే మనిషి లేకపోతే తప్పు రోగిది కాదు, మందుదీ కాదు.

మూడవది స్థలం. ప్రొద్దుటూరు వంటి పట్టణంలో ఈ కారణమే ప్రధానం. బంగారానికీ బట్టలకూ పేరుబడిన ఆ ఊరి పాత బజారులలో ఇల్లూ ఇల్లూ ఆనుకొని ఉంటాయి, గోడ ఉమ్మడి. అక్కడ అడుగు నేల ధర పలికే తీరులో అంతస్తు మీద అంతస్తు లేపక తప్పదు. మట్టిమిద్దెమీద ఇంకొక అంతస్తు నిలవదు. అయితే అక్కడ ఒకరు పడగొడితే రెండవవారి దూలం కొస గాలిలో తేలుతుంది. ఉమ్మడిగోడ ఉన్నచోట మరమ్మతు, మార్పు అనేవి ఒక ఇంటి నిర్ణయాలు కావు. పొరుగువారితో కూర్చొని మాటాడుకోవలసిన విషయాలు.

జమ్మలమడుగు వైపు పోతే కథ మరొక మలుపు తిరుగుతుంది. అక్కడా, ఎర్రగుంట్ల పరిసరాలలోనూ నేలలో సున్నపురాయి పొరలు పొరలుగా పేరుకొని ఉన్నది. ఈ ప్రాంతపు శిలాశ్రేణులను విలియం కింగ్ 1872లో భారత భూగర్భ పరిశీలన శాఖ గ్రంథంలో విపులంగా వర్ణించాడు. పొరలుగా ఏర్పడిన రాయి గనుక గునపం పెట్టి లేపితే బండలుగా లేస్తుంది. దేశమంతటా కడప బండ అని పేరుబడినది ఈ రాయే. పాత మిద్దెలలో దంతెలమీద పరచినదీ ఇదే. ఇప్పుడు ఎర్రగుంట్ల చుట్టుపట్ల సిమెంటు కర్మాగారాలలో పొడికొట్టి, సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చుతున్నదీ ఇటువంటి సున్నపురాయినే. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఆకాశంలో కలుస్తుంది. కొలిమిలో మండిన బొగ్గు పొగ దీనికి అదనం. ఒకే జాతి రాయి: ఒకచోట ఉన్నది ఉన్నట్టుగా కప్పుకు ఎక్కినది, మరొకచోట కొలిమిలో కాలి కప్పుకు ఎక్కుతున్నది. మొదటిది ఇంటిని చల్లగా ఉంచినది. రెండవది ఇంటికి భద్రత ఇచ్చి, వేడిని ఇంటిలోనికీ లోకంలోనికీకూడ కొంత కొంత పంచుతున్నది.

కాంక్రీటు పోయలేని పేదవాడు మరొక మార్గం పడతాడు. మిద్దె దించి రేకులు వేస్తాడు. రేకు మందం కొద్ది మిల్లీమీటర్లు. దానిలో వేడికి ఆలస్యమన్నదే లేదు. ఎండ తగలడమూ, గది కాగడమూ ఒక్కసారే. ఆ రేకులలో ఒకరకం సిమెంటులో రాతినార కలిపి చేసినవి. ఈ రాతినారకు పులివెందులతో సంబంధం ఉన్నది. పులివెందుల ప్రాంతపు కొండలలో, బ్రాహ్మణపల్లె మొదలైనచోట్ల, భూగర్భంనుంచి ఎగదన్నిన కరిగిన శిల అక్కడి డోలమైటును తాకినచోట తెల్లని రాతినార ఏర్పడినది. ఒకప్పుడు దానిని గనులలో తవ్వితీశారు. నిప్పుకు కాలని ఆ నారను శీతల దేశాలలో ఇంటి పొయ్యికీ, వేడినీటి గొట్టాలకూ కంబళివలె చుట్టడానికి విరివిగా వాడారు. తరువాత దాని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, దశాబ్దాల తరువాత క్యాన్సరు తెస్తుందని రుజువయినది. భారత ప్రభుత్వం 1986లో రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడం, 1993లో పాతవాటిని పొడిగించడం నిలిపివేసినది. బ్రిటను 1999లో దాని వాడకాన్నే నిషేధించినది. ఇప్పుడు అక్కడ పాత పొయ్యిని మార్చబోతే, ముందుగా ఆ కంబళిని జాగ్రత్తగా విప్పడమే ఒక పెద్ద పని. ఇక్కడ పాత సిమెంటు రేకులు దింపేవారు ఈ పాఠం గుర్తుంచుకోవాలి. పొడిగా కోయరాదు, పగలగొట్టరాదు. తడిపి, ముక్కలు చేయకుండా దింపాలి. ఇంటికి మేలు కోరి చేసిన మార్పు ఊపిరికి ముప్పు కారాదు.

ఇంతలో ప్రభుత్వ లెక్కల భాష ఒకటి అడ్డువస్తుంది. ఆ లెక్కలలో ఇళ్ళు రెండు జాతులు: పక్కా, కచ్చా. మట్టికప్పు ఎంత చక్కగా ఉన్నా కచ్చా జాబితాలోనే పడుతుంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస పథకం 2011నాటి సామాజిక ఆర్థిక గణనను ఆధారం చేసుకొని, ఇల్లు లేనివారితోపాటు కచ్చా గోడలు, కచ్చా కప్పు ఉన్న చిన్న ఇళ్ళవారిని అర్హులుగా ఎంచినది. వానకు కారని ఇల్లు పేదవారికి దక్కడం గొప్ప విషయమే. దానిని కాదనవలసిన పని లేదు. అయితే పడిపోని గోడలనూ, చెడిపోని బండలనూ నిలబెట్టి, దూలం ఒక్కటి మార్చుకొందామనే గృహస్థుకు ఈ పక్కా, కచ్చా అనే విభజన దారి చూపదు. అందుచేత బాగుచేయదగిన ఇల్లుకూడ చాలచోట్ల పడగొట్టదగిన ఇల్లుగానే లెక్కకు వస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావచ్చు. బాగుచేయడమా, మార్చడమా? ఈ ప్రశ్న వేసే తీరులోనే ఒక దోషం ఉన్నది. ఇల్లు ఒకే వస్తువైనట్టు, దానికి ఒకే వయస్సు ఉన్నట్టు అడుగుతున్నాము. మిద్దెలో ఒక్కొక్క అంగానికి ఒక్కొక్క ఆయుర్దాయం. చవుడు ఒక ఏటిది. దూలం ఒకటి రెండు తరాలది. నాపబండ ఎన్ని తరాలదో చెప్పలేము. రాతిగోడకు నీరు పట్టకుండా చూచుకొంటే అదికూడ అంతే. కనుక ఇల్లు ముసలిదా అని కాక, ఇంటిలో ఏది ముసలిది అని అడగాలి.

అనుభవం గల బేల్దారి చేసే పరీక్షకూడ ఇటువంటిదే. అతడు ముందు దూలం నడుమును చూడడు; గోడలో దూరిన కొసను చూస్తాడు. అక్కడ ఉలి మొన గుచ్చితే సులువుగా దిగినదంటే దూలం పని అయిపోయినట్టే. సుత్తితో తట్టితే గట్టి కట్టె కంగుమంటుంది, గుల్ల కట్టె బొదుబొదుమంటుంది. తరువాత గవాచి అంచున మన్ను మందం కొలుస్తాడు. తరువాత గోడమీద నీటి చారలు ఎంత కిందికి దిగినవో చూస్తాడు. దూలాలు గట్టిగా ఉండి మన్ను మాత్రం పెరిగి ఉంటే, కావలసినది మార్పు కాదు. పాత పొరలు గీకివేసి భారం దించి, కొత్త చవుడు వేయడం. ఒకటి రెండు దూలాలు చెడితే వాటిని మార్చడం. కొసలన్నీ మెత్తబడి, గోడలుకూడ ఉబ్బి ఉంటే మాత్రం ఒక్క వానాకాలమైనా జాగు చేయరాదు. అక్కడ చల్లదనాన్ని తలచుకొని వెనుకాడడం ప్రాణాలతో చెలగాటం.

మార్చక తప్పనివారికికూడ ఒక మాట మిగిలి ఉన్నది. పాత మిద్దె చేసిన పనులు రెండు: వానను ఆపడం, ఎండను ఆపడం. కాంక్రీటు మొదటి పనిని మిద్దెకంటె బాగా చేస్తుంది. రెండవ పనిని చేయదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న సామెతలోని ఖర్చు లెక్కలలో ఈ రెండవ పని జమాఖర్చుకు ఎక్కడం లేదు. అది తరువాత పంకాల రూపంలో, చల్లని గాలి పెట్టెల రూపంలో, నెలనెలా కరెంటు బిల్లు రూపంలో, నిద్రలేని రాత్రుల రూపంలో వసూలవుతుంది.

ఈ రెండవ పనిని కొత్త కప్పుకు తిరిగి అప్పగించే ఉపాయాలు ఉన్నవి. కాంక్రీటు కప్పుమీద నీరు దిగకుండా ఒక పూత పూసి, దానిమీద సుమారు నాలుగు అంగుళాల మన్ను గట్టిగా కొట్టి, పైన పెంకు బిళ్ళలు పరచే పద్ధతి ఉత్తరభారతంలో చిరకాలంగా ఉన్నది. భారత ప్రమాణాల సంస్థ 2115 సంఖ్యగల ప్రమాణంలో ఆ పని విధానాన్ని క్రోడీకరించినది. అంటే మన్ను కచ్చా కాదని పుస్తకమే ఒప్పుకొన్నది. అయితే ఆ భారాన్ని ముందుగానే చెప్పి, కప్పును అందుకు తగినట్టు కట్టించుకోవాలి. కట్టిన తరువాత తలచుకొని మోపరాదు. అంత స్తోమత లేనివారికి తెల్లని సున్నం ఉన్నది. తెల్లనికప్పు ఎండలో చాలభాగాన్ని వచ్చినదారినే తిప్పి పంపుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పులను గురించి ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించినది. వేసవికి ముందు మిద్దెకు సున్నం కొట్టడం ఏటేటా చేయవలసిన పనే. చవుడు వేయించుకొన్న ఇంటివారికి అటువంటి ఏటేటి పని కొత్తది కాదు. కాంక్రీటు అయినా మరమ్మతు అక్కరలేనిది కాదు. లోపలి ఇనుముకు తుప్పు పడితే పెచ్చులూడి పడుతుంది. ఒక్కసారి కట్టి మరచిపోదగిన కప్పు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బడులలో ఈ విషయాన్ని పాఠంగా చెప్పడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఒకే వీధిలో మట్టిమిద్దె ఒకటి, కాంక్రీటు ఇల్లు ఒకటి, రేకుల ఇల్లు ఒకటి ఇంకా దొరుకుతాయి. మూడు ఉష్ణమాపకాలు, ఒక నోటుపుస్తకం చాలు. సెలవులకు ముందు, ఏప్రిలు నెలలో ఒకరోజు, తెల్లవారినప్పటినుంచి రాత్రి పదింటివరకు మూడు గంటలకు ఒకమారు మూడు ఇళ్ళలో విద్యార్థులు అంకెలు రాసుకొని, గళ్ళకాగితంమీద మూడు గీతలు గీయవచ్చు. ఏ గీత ఎప్పుడు పైకి లేస్తుందో, ఎంత ఎత్తుకు పోతుందో వారి కళ్ళకే కనబడుతుంది. మట్టిమిద్దెలున్న వీధులు ఏటేటా తగ్గిపోతున్నవి గనుక, ఈ పని ఈ ఏడే చేయడం మంచిది. ఆ కాగితం ఇంటికి తీసుకుపోయి తాతకూ తండ్రికీ చూపితే, మిద్దెను గురించి ఆ ఇంటిలో జరిగే ఆలోచనలో రూపాయల లెక్కతోపాటు ఇంకొక లెక్కకూడ చేరుతుంది. పడగొట్టడమో, నిలబెట్టడమో ఆ తరువాత వారే నిర్ణయించుకొంటారు.